న్యూట్రల్ తెగి ఇంటి సామాను కాలిపోతే ప్రభుత్వ విద్యుత్ సంస్థ మీద దావా నిలబడదా?

ప్రశ్న: హొరమావు నివాసి

బెంగళూరు హొరమావులో మాకు మూడంతస్తుల సొంత ఇల్లు ఉంది. కింద మా వదిన ఒక చిన్న కర్రీ పాయింట్ నడుపుతుంది, దానికి వాణిజ్య మీటరు ఉంది. మధ్య అంతస్తులో మేము, పైన అద్దెకున్నవాళ్లు గృహ మీటర్ల మీద ఉన్నాము. మొన్నటి గాలివాన రాత్రి కరెంటు ఒకసారి పోయి వచ్చిన కాసేపటికి మా హాల్లో ట్యూబులైటు కళ్లు చెదిరేటట్టు వెలిగింది, ఫ్యాను రెగ్యులేటరు ఒకటిలో ఉన్నా ఈదురుగాలిలా తిరిగింది. సరిగ్గా అదే సమయంలో తమ ఫ్యాను తిరగలేక మూలుగుతోందని పైనున్న అబ్బాయి దిగి వచ్చాడు. మెయిన్ ఆపేలోపే ఫ్రిజ్ వెనకనుంచి కాలిన వాసన వచ్చింది. టీవీ, నీటి ఫిల్టరు, ఇన్వర్టరు, కింద కర్రీ పాయింట్‌లోని డీప్ ఫ్రీజరు అన్నీ పోయాయి, ఫ్రీజరులో మరుసటి రోజుకని పెట్టుకున్న సరుకంతా పారబోయవలసి వచ్చింది. మా వరుసలో మరికొన్ని ఇళ్లలో కూడా ఇదే జరిగింది.

పొద్దున లైన్‌మ్యాన్ వచ్చి టీసీ (వీధి ట్రాన్స్‌ఫార్మరు) ఎక్కి, న్యూట్రల్ జంపరు (న్యూట్రల్ తీగను కలిపే ముక్క) కాలిపోయిందని చెప్పి, కొత్తది బిగించి వెళ్లాడు. నేను పోయిన సామాను జాబితా రాసుకుని సబ్‌డివిజన్ ఆఫీసుకు వెళ్తే అక్కడి అధికారి మర్యాదగానే కూర్చోబెట్టి, ఇది సర్కారీ సంస్థ కాబట్టి కోర్టుకు వెళ్లినా నిలబడదని, విద్యుత్ చట్టం 168వ సెక్షన్ తమకు రక్షణ ఇస్తుందని, పైగా గాలివాన దైవాధీనమని చెప్పి పంపించారు. కావాలంటే పైవాళ్లకు విన్నపం పెట్టుకోండి, దయతలిస్తే ఏమైనా వస్తుందన్నారు.

ఆ దయ అన్న మాట దగ్గరే నాకు మనసు ఆగిపోయింది. 2023 మే నెలలో కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో వాననీరు నిండి, మన ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న ఒక అమ్మాయి కారులో చిక్కుకుని చనిపోయినప్పుడు ముఖ్యమంత్రి 5 లక్షలు ప్రకటించారు. అది ఆ కుటుంబానికి హక్కుగా రావలసిన పరిహారమా, లేక ప్రభుత్వం తన ఇష్టంతో ఇచ్చిన సాయమా అన్నది అప్పుడూ నాకు అర్థం కాలేదు. రోడ్డు, నీరు, కరెంటు వంటివి చూసే ప్రభుత్వ సంస్థల నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవాడు నిజంగా దావా వేయలేడా? వేయగలిగితే మా వంటివాళ్లు ఎక్కడ వేయాలి? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: పాత వకీలు

అయ్యా, మీకు ఆఫీసులో చెప్పిన మాటలో మూడు వేరువేరు సంగతులు కలగాపులగమై ఉన్నాయి. వాటిని విడదీసి చూస్తే మూడింటిలో ఒక్కటి మాత్రమే కొంత గట్టిది, అదీ మీకు వ్యతిరేకంగా కాదు.

మొదటిది, ప్రభుత్వం మీద దావా చెల్లదన్న మాట. రాజ్యాంగం 300వ అధికరణం ప్రకారం కేంద్రం మీదా, రాష్ట్రాల మీదా దావా వేయవచ్చు. ఎంతవరకు వేయవచ్చన్నదానికి మాత్రం కొలబద్ద పాతకాలపుది, ఈస్టిండియా కంపెనీకి ఉన్న బాధ్యత ఎంతో అంత. ఆ బాధ్యత ఎంతో చెప్పిన తీర్పు 1861 నాటిది. కలకత్తా కిద్దర్‌పూర్‌లోని ప్రభుత్వ నౌకా నిర్మాణ కేంద్రం పనివాళ్లు పెద్ద ఇనుప ముక్కను మోసుకెళ్తూ అజాగ్రత్తగా దారిలో పడేశారు, ఆ చప్పుడుకు పి అండ్ ఓ అనే ఓడల కంపెనీ బండి గుర్రం బెదిరి గాయపడింది. ప్రైవేటు వ్యక్తులు కూడా చేయగలిగిన పనిలో జరిగిన నిర్లక్ష్యానికి ప్రభుత్వం బాధ్యత వహించాలని, రాజ్యాధికారంతో మాత్రమే చేయగల పనులకు ఆ బాధ్యత లేదని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. గుర్రానికి పరిహారం ఇప్పించిన ఆ తీర్పును పట్టుకునే ప్రభుత్వాలు తర్వాత శతాబ్దం పాటు బాధ్యత తప్పించుకున్నాయి.

మన సుప్రీంకోర్టు 1962లో విద్యావతి కేసులో, రిపేరు నుంచి తిరిగి తెస్తున్న ప్రభుత్వ జీపు ఒక మనిషిని గుద్ది చంపితే రాజస్థాన్ ప్రభుత్వమే కట్టాలన్నది. 1965లో కస్తూరీలాల్ కేసులో వెనక్కి తగ్గింది. పోలీసులు స్వాధీనం చేసుకున్న బంగారాన్ని హెడ్ కానిస్టేబుల్ ఎత్తుకుని పాకిస్తాన్‌కు పారిపోతే, అరెస్టూ స్వాధీనమూ సార్వభౌమ విధులు, అంటే రాజ్యాధికారంతో చేసే పనులు కాబట్టి యజమానికి ఏమీ రాదన్నది. మీ అధికారికి ఎవరో ఎక్కడో చెప్పిన మాట వంశవృక్షం బహుశా ఇక్కడికే చేరుతుంది.

కాని ఆ తీర్పును నీరుగార్చిన కేసులు రెండూ మన తెలుగు నేలనుంచే వెళ్లాయన్నది మీరు తెలుసుకోవలసిన సంగతి. 1994లో నాగేంద్రరావు కేసులో, అధికారులు స్వాధీనం చేసుకున్న ఎరువులను సకాలంలో అమ్మక, దాచక పాడుచేస్తే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నష్టం కట్టాలని, సంక్షేమ రాజ్యంలో ప్రభుత్వ పనిని సార్వభౌమం, సార్వభౌమేతరం అని గీత గీసి విడదీయడం ఈ కాలానికి పొసగదని సుప్రీంకోర్టు విస్తారంగా రాసింది. 2000లో చల్లా రామకృష్ణారెడ్డి కేసులో, కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు మీద 1977లో బాంబులు వేసి ఒక ఖైదీని చంపిన ఘటనలో, ముందే ప్రాణభయముందని తెలిసినా కాపలా పెట్టనందుకు ప్రభుత్వమే బాధ్యురాలన్నది. జైలు నడపడం కన్నా సార్వభౌమమైన పని ఏముంటుంది? దానికే రక్షణ దక్కనప్పుడు, యూనిట్‌కింతని ధర కట్టి కరెంటు అమ్మే పనికి ఎలా దక్కుతుంది? ముంబైలో, ఢిల్లీలో, కోల్‌కతాలో ప్రైవేటు కంపెనీలు ఇదే పని చేస్తున్నాయి, అంటే 1861 నాటి కొలబద్దతో కొలిచినా ఇది రాజ్యాధికార విధి కాదు.

రెండో సంగతి, కర్ణాటకలో విద్యుత్ పంపిణీ 2002 నుంచి కంపెనీల చేతిలో ఉంది. వాటాలన్నీ ప్రభుత్వానివైనా కంపెనీ వేరే చట్టబద్ధ వ్యక్తి. ప్రభుత్వం మీద దావాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కోరే 2 నెలల నోటీసు కూడా కంపెనీకి వర్తించదు. అయినా లాయరు నోటీసు ఒకటి పంపండి, జవాబులో వాళ్లు రాసేది తర్వాత పనికివస్తుంది.

మూడోది 168వ సెక్షన్. దాన్ని చదివినవాళ్లు తక్కువ, చెప్పేవాళ్లు ఎక్కువ. అది రక్షించేది ప్రభుత్వాన్ని, నియంత్రణ కమిషన్లను, అప్పిలేట్ ట్రిబ్యునల్‌ను, వాటి అధికారులను, పబ్లిక్ సర్వెంట్లను. సదుద్దేశంతో చేసిన పనికి మాత్రమే ఆ రక్షణ. లైసెన్సు తీసుకుని కరెంటు పంపిణీ చేసే సంస్థ పేరు ఆ వరుసలో లేదు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం నిజాయితీగా చేసిన పని నిర్లక్ష్యంగా చేసినదైనా సదుద్దేశంతో చేసినదే అవుతుంది. అందువల్ల కోపం కొద్దీ లైన్‌మ్యాన్‌నూ, ఇంజినీరునూ పేరుపెట్టి ప్రతివాదులుగా చేర్చకండి, వాళ్లు ఆ సెక్షన్ చాటున బయటపడి మీ దావాను ఏళ్లకొద్దీ సాగదీస్తారు. సంస్థ మీద మాత్రమే వేయండి.

జవాబు: సబ్‌స్టేషన్ రిటైర్డ్

నేను ఇదే రంగంలో, వేరే రాష్ట్రంలో, ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి ఇప్పుడు కొడుకు దగ్గర ఇక్కడే ఉంటున్నాను. చట్టం సంగతి వకీలు గారు చెప్పారు కాబట్టి కారణం సంగతి చెబుతాను, ఎందుకంటే మీ కేసు నిలిచేదీ కూలేదీ అక్కడే.

టీసీ నుంచి మీ వీధికి మూడు ఫేజులు (కరెంటు తెచ్చే తీగలు), ఒక న్యూట్రల్ (దాని తిరుగుదారి తీగ) వస్తాయి. ఒక్కో ఇంటికి ఒక ఫేజు, న్యూట్రల్ ఇస్తారు, వాటి మధ్య 230 వోల్టులు ఉంటాయి. రెండు ఫేజుల మధ్య మాత్రం 400 ఉంటుంది. టీసీ దగ్గర న్యూట్రల్ తెగితే తిరుగుదారి లేక, ఒక ఫేజు మీది ఇళ్లూ ఇంకో ఫేజు మీది ఇళ్లూ ఒకే గొలుసులో చేరిపోయి ఆ 400ను పంచుకుంటాయి. తక్కువ లోడున్న ఫేజు మీదికి ఎక్కువ వోల్టేజి, ఎక్కువ లోడున్న ఫేజు మీదికి తక్కువ వోల్టేజి వెళ్తుంది. మీ ట్యూబులైటు మండిపోవడమూ, పైవాళ్ల ఫ్యాను మూలగడమూ ఒకేసారి జరిగాయని మీరు రాసిన వాక్యం చూడగానే ఇది పిడుగు వల్ల వచ్చింది కాదని, న్యూట్రల్ పోయినదేనని నాకు నిశ్చయమైంది. పిడుగు పడితే క్షణంలో అంతా అయిపోతుంది, ఒక అంతస్తుకు ఎక్కువా ఇంకో అంతస్తుకు తక్కువా ఇస్తూ నిమిషాల తరబడి సాగదు. అందుకని ఆ పైనున్న అబ్బాయి సాక్ష్యం మీకు ఎంతో విలువైనది. అతను ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోకముందే ఒక అఫిడవిట్ రాయించుకోండి.

న్యూట్రల్ జంపరు ఒక్క గాలివానకు కాలిపోదు. బోల్టు వదులై, రాగీ అల్యూమినియమూ కలిసేచోట తుప్పు పట్టి, నెలల తరబడి వేడెక్కి, చివరికి ఒక రాత్రి తెగుతుంది. కాలిపోయిన లగ్గు (తీగ చివర బిగించే లోహపు ముక్క) నల్లబడి, అంచులు కరిగి ఉంటుంది. ఆ ముక్కను లైన్‌మ్యాన్ అక్కడే కింద పడేసి ఉంటే వెతికి తీసి, ఫొటో తీసి, కవరులో పెట్టి దాచండి. ఏటా వర్షాలకు ముందు టీసీలను బిగించి, ఎర్తింగ్ చూసి, రిజిస్టరులో రాయడం ఎక్కడైనా ఉన్న పద్ధతే. ఆ రిజిస్టరులో మీ టీసీ పేరు లేకపోతే నిర్లక్ష్యానికి అంతకు మించిన రుజువు అక్కరలేదు. దైవాధీనమన్న వాదనకు కూడా అదే సమాధానం, ఎందుకంటే బెంగళూరులో వర్షాకాలం ప్రతి ఏడూ వస్తుంది.

మరమ్మతుకు వచ్చిన ప్రతి మెకానిక్ దగ్గరా, హై వోల్టేజి వల్ల బోర్డు కాలిందని కంపెనీ లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ఉత్త బిల్లు చాలదు. టీవీలలో, ఫిల్టర్లలో సరఫరా వచ్చేచోట వేరిస్టరు అనే చిన్న బిళ్ల ఉంటుంది, అది పేలి ఉంటే హై వోల్టేజికి అది చేతితో చూపించగల ఆనవాలు. ఆ పాత బోర్డులను మెకానిక్ పట్టుకుపోకుండా మీరే ఉంచుకోండి.

జవాబు: గీత దాటనివాడు

వకీలు గారు చెప్పిన తీర్పులలో తప్పు లేదు, కాని చదివినవారికి దారి అంతా పూలబాట అనిపించే ప్రమాదముంది కాబట్టి రెండో వైపు కూడా ఉండాలని రాస్తున్నాను.

కస్తూరీలాల్ తీర్పు ఐదుగురు న్యాయమూర్తులది. నాగేంద్రరావు తీర్పు ఇచ్చినది ఇద్దరు. ఐదుగురి మాటను ఇద్దరు కొట్టేయలేరు, పక్కకు పెట్టగలరంతే. ఈ గందరగోళం తీర్చే చట్టం చేయమని మొదటి లా కమిషన్ తన మొట్టమొదటి నివేదికలోనే, 1956లో, సిఫారసు చేసింది. ఇంగ్లండు అంతకు ముందే 1947లో అలాంటి చట్టం చేసుకుంది. మన పార్లమెంటులో 1960వ దశకంలో బిల్లులు వచ్చి అలాగే మురిగిపోయాయి. అందుకే ఈనాటికీ ప్రతి బాధితుడూ మొదటినుంచీ ఇదంతా వాదించుకోవలసి వస్తోంది.

ఇక సార్వభౌమం అన్న మాట ఎత్తకుండానే కోర్టులు ప్రజాసంస్థలను వదిలేసిన కేసులూ ఉన్నాయి. ఢిల్లీ చాందినీచౌక్‌లో గడియార స్తంభం కూలి మనుషులు చనిపోతే, 1966లో సుప్రీంకోర్టు, కూలడమే నిర్లక్ష్యానికి సాక్ష్యమని మునిసిపల్ కార్పొరేషన్‌తో పరిహారం కట్టించింది. అదే సుప్రీంకోర్టు 1997లో, రాజ్‌కోట్‌లో రోడ్డు పక్క చెట్టు విరిగి పడి ఒక మనిషి చనిపోతే, ప్రతి చెట్టునూ అనుక్షణం కనిపెట్టి ఉండే బాధ్యత కార్పొరేషన్ మీద లేదని కింది కోర్టులు ఇచ్చిన పరిహారాన్ని రద్దు చేసింది. స్తంభానికీ చెట్టుకూ తేడా ఏమిటని చనిపోయినవాళ్ల కుటుంబాలను అడిగితే ఏం చెబుతారు? నా ఉద్దేశంలో రాజ్‌కోట్ తీర్పు అన్యాయమే, కాని అది ఉంది, ఎదుటి లాయరు దాన్ని చదువుతాడు.

కరెంటు విషయంలో మీకు అనుకూలమైనది 2002 నాటి శైలకుమారి తీర్పు. రాత్రివేళ, వాననీళ్లు నిలిచిన రోడ్డు మీద సైకిలు మీద వస్తున్న మనిషి తెగిపడిన తీగ తగిలి చనిపోయాడు. ఎవరో దొంగతనంగా కొక్కెం వేసి కరెంటు లాగారని, ఆ తీగే జారిందని మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు వాదించింది. ప్రమాదకరమైన వస్తువును జనంలోకి పంపుతున్నవాడు, తన నిర్లక్ష్యం లేకపోయినా బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. అయితే అది మనిషి ప్రాణం పోయిన కేసు. కాలిపోయిన ఫ్రీజరుకు అదే కఠిన సూత్రం వర్తిస్తుందని ధీమాగా ఉండవద్దు, నిర్లక్ష్యాన్ని విడిగా రుజువు చేయడానికి సిద్ధపడే వెళ్లండి. హైకోర్టులో నేరుగా రిట్ పిటిషన్ వేద్దామనే ఆలోచన ఉంటే మానుకోండి. తమిళనాడు విద్యుత్ బోర్డు కేసులో 2000లోనే సుప్రీంకోర్టు, వాస్తవాల మీద వివాదమున్న చోట రిట్‌లో పరిహారం తేల్చకూడదని చెప్పింది.

అండర్‌పాస్ మరణం గురించి మీరు అడిగిన ప్రశ్నను ఎవరూ పట్టించుకోలేదు. అక్కడికక్కడ ప్రకటించే 5 లక్షలు ప్రభుత్వం తన బాధ్యతను ఒప్పుకోకుండా ఇచ్చే సొమ్ము. దాన్ని తీసుకున్నంత మాత్రాన దావా హక్కు పోదు, ఇక ఏ క్లెయిమూ లేదని సంతకం పెట్టనంతవరకు. పోయిన ప్రాణానికి కోర్టు కట్టే లెక్క వయసు, సంపాదన, ఆధారపడినవాళ్ల సంఖ్యను బట్టి ఉంటుంది, ఉద్యోగం చేసే యువతి విషయంలో అది ఆ మొత్తానికి ఎన్నో రెట్లు కావచ్చు. ప్రకటన వెలువడగానే అందరూ విషయం ముగిసినట్టు భావించడం ప్రభుత్వాలకు అన్నిటికన్నా పెద్ద రక్షణ అని నాకనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: హొరమావు నివాసి

అందరికీ ధన్యవాదాలు. కాలిన లగ్గు టీసీ కంచె పక్కన గడ్డిలోనే దొరికింది, మా అబ్బాయి అది ఉన్నచోటే ఫొటో తీసి తెచ్చాడు. పైనున్న అబ్బాయి అఫిడవిట్‌కు ఒప్పుకున్నాడు. రిట్ వద్దన్నారు కాబట్టి సివిల్ కోర్టా, వినియోగదారుల కమిషనా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. మా వదిన మీటరు వాణిజ్యానిది కావడం ఏమైనా అడ్డమా?

జవాబు: పాత వకీలు

అడ్డమే, కాని దాటగలిగినది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో విద్యుత్ సరఫరా సేవ కిందికి స్పష్టంగా వస్తుంది. వాణిజ్య ప్రయోజనం కోసం సేవ పొందినవాడు మాత్రం ఆ చట్టంలో వినియోగదారుడు కాడు. 2013లో అనీస్ అహ్మద్ కేసులో సుప్రీంకోర్టు వాణిజ్య, పారిశ్రామిక కనెక్షన్లవాళ్లను ఆ కారణంతోనే బయట ఉంచింది. కేవలం స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి వాడుకున్నది వాణిజ్య ప్రయోజనం కాదన్న వివరణ చట్టంలోనే ఉంది. మీ వదిన గారు స్వయంగా వంట చేసి, తానే అమ్ముతుంటే ఆ వివరణ కింద నిలబడవచ్చు, అయితే 2019 చట్టంలో ఆ వివరణ కొన్న సరుకుల గురించే మాట్లాడుతుంది కాబట్టి సేవలకు వర్తించదని ఎదుటివాళ్లు వాదించవచ్చు. ఆ సంగతి ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయాలి, అభ్యంతరం వచ్చాక రాస్తే సాకులా కనిపిస్తుంది.

అందువల్ల రెండు ఫిర్యాదులు విడివిడిగా వేయండి. గృహ మీటరు మీద మీది ఒకటి, ఆమెది ఒకటి. ఆమె ఫిర్యాదు వాణిజ్యమన్న కారణంతో ఆగినా మీది ఆగదు, ఆమె సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు. కలిపి వేస్తే ఆమె మీటరు మీది అభ్యంతరం మీ మెడకు కూడా చుట్టుకుంటుంది. జిల్లా కమిషన్‌లో ఇంత చిన్న వ్యవహారానికి ఫీజు లేదు, ఇ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటినుంచే దాఖలు చేయవచ్చు. గడువు 2 ఏళ్లు. సివిల్ దావాకు మాత్రం, చట్టం కింద చేసిన లేదా చేయకుండా వదిలిన పనికి పరిహారమైతే 1 ఏడాదే గడువని ఎదుటివాళ్లు లిమిటేషన్ చట్టం 72వ అధికరణాన్ని చూపిస్తారు. దాని మీద వాదోపవాదాలు ఉన్నాయి కాని, ఆ వాదన మీ డబ్బుతో జరగనక్కరలేదు. వదిన గారి విషయం ఏడాదిలోపే తేల్చుకోండి.

ఈలోగా ఒక పని వెంటనే చేయండి. సమాచార హక్కు చట్టం కింద ఆ టీసీ నిర్వహణ రిజిస్టరు నకలు, ఆ రాత్రి 1912 అనే కరెంటు ఫిర్యాదుల ఫోన్ నంబరుకు మీ వీధినుంచి వచ్చిన ఫిర్యాదుల నమోదు, మరుసటి పొద్దున లైన్‌మ్యాన్ రాసిన పని వివరం అడగండి. కర్ణాటక నియమాల ప్రకారం ఒక దరఖాస్తు ఒకే విషయం మీద, 150 మాటలకు లోబడి ఉండాలి. అందుకని మూడింటికీ మూడు దరఖాస్తులు పెట్టండి, లేకపోతే ఆ ఒక్క సాకుతో తిప్పి పంపుతారు. 30 రోజుల్లో జవాబు రావాలి. రిజిస్టరు లేదని రాసి ఇచ్చినా అది మీకు మేలే, సబ్‌స్టేషన్ రిటైర్డ్ గారు ఎందుకో పైన చెప్పారు. వోల్టేజి తేడా 6 శాతం దాటకూడదన్నది 1956 నాటి విద్యుత్ నియమాలనుంచి వస్తున్న ప్రమాణం, దాన్ని నోటీసులో ప్రస్తావించండి.

మీ వరుసలోని మిగిలిన ఇళ్లవాళ్ల పేర్లు, వాళ్లకు పోయిన వస్తువులు, ఏ ఫేజు మీద ఉన్నారో ఒక కాగితం మీద రాసి సంతకాలు తీసుకోండి. ఎక్కువ వోల్టేజి వచ్చిన ఇళ్లన్నీ ఒకే ఫేజు మీదివని తేలితే, కారణం మీ ఇంటి వైరింగేనన్న వాదన అక్కడితో ఆగిపోతుంది.